పగవాని మాటను వినుట

కొల్లేటి నీటిపై తాటిదోనె నడుపు పల్లెకారులు పక్షులను చూచి పలు సంగతులు గ్రహింతురు. రెల్లుదుబ్బుల చాటున మేయుచున్న పక్షులు ఒక్కపెట్టున లేచినచో, అచ్చట ఏదియో కదలినదని వారికి తెలియును. పక్షి వారితో నేమియు చెప్పలేదు; చెప్పవలెనను తలంపును దానికి లేదు. అయినను అది లేచుటయే యొక గురుతు. రాజ్యముల విషయమున నిట్టి గురుతులను కనిపెట్టు విద్య యొకటి గత శతాబ్దమున పుట్టినది. పరదేశముల రేడియో ప్రసారములను రాత్రింబవళ్లు విని, వ్రాసి, అనువదించి, ప్రభుత్వములకు నివేదించు శ్రవణ కార్యాలయముల చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి. ఇది రాజుల గోష్ఠి, మనకేల యని చదువరులు తలంపకుందురు గాక. ఆ విద్యతో మన యిండ్లకును పనిగలదు.

1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ నెలలోనే మదరాసు నగరమునుండి జనులు గుంపులుగా పల్లెలకు తరలిపోయిరి. మన తాడేపల్లిగూడెమున యుద్ధావసరమునకై వేసిన విమానముల బాట ఆ కాలపుదే. మదరాసు రేడియో కేంద్రము 1938 జూను 16వ తేదీన ప్రారంభమైనది. కాని మన ప్రాంతమున రేడియో పెట్టె యున్న యిండ్లు మిక్కిలి తక్కువ. ఉన్నచోట మాత్రము ఒకే పెట్టెలో లండను ఒకవిధముగను, బెర్లిను ఒకవిధముగను, టోకియో మఱియొకవిధముగను పలుకుచుండెను. దేనిని నమ్మవలెను?

ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదనుటకు ఆ సంవత్సరమే యొక నిదర్శనము చూపినది. మార్చి నెలలో సుభాసచంద్ర బోసు విమాన ప్రమాదమున మరణించెనని వార్తాసంస్థలు ప్రకటించెను. గాంధీమహాత్ముడు బోసుగారి తల్లికి సంతాపము తెలిపెను. కొలదిదినములకే బోసు బెర్లిను రేడియోలో స్వయముగా మాటలాడి, తాను జీవించియున్నట్లు వెల్లడించెను. పగవారి కేంద్రమని చెవులు మూసికొన్నవాడు ఆ దినమున అసత్యమునందే నిలిచిపోయెను. అదే కేంద్రము పలికిన ప్రతి విజయవార్తను నమ్మినవాడును అసత్యముననే పడెను. వినకుండుటయు తప్పే, విన్నదెల్ల నమ్ముటయు తప్పే. ఈ రెంటికిని నడుమ మార్గమేదియో కనుగొనుటయే శ్రవణ కార్యాలయముల పని.

ఇంగ్లండున బి.బి.సి. వారు 1939 ఆగస్టులో, యుద్ధము ప్రకటింపబడుటకు కొలది దినములు ముందుగా, ఈవ్‌షామ్ పట్టణ సమీపమున వుడ్ నార్టన్ అను భవనమున నిట్టి కార్యాలయమును స్థాపించిరి. 1943లో నది కేవర్‌షామ్‌నకు మారినది. అమెరికావారు 1941 ఫిబ్రవరిలో తమ కార్యాలయమును నెలకొల్పిరి. మన దేశమునను యుద్ధకాలమున ఆకాశవాణి శ్రవణశాఖ యేర్పడి సిమ్లాయందు పనిచేసినది. పని యొక్క తీరు అన్నిచోట్ల నించుమించుగ నొక్కటే. శ్రోతలు వంతులవారీగా చెవులకు గొట్టములు తగిలించుకొని కూర్చుండెడివారు. విన్నదానిని మైనపు స్తూపములపై నెక్కించి, సందేహము కలిగినచోట మరల మరల వినెడివారు. తరువాత అనువాదము. అత్యవసరమైనది వెంటనే టెలిఫోనుమీదను, తక్కినది దినదిన సంగ్రహముగను పోయెడిది.

ఇందు ఒక చిక్కు గలదు. మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగని చెప్పిరి. శబ్దము ప్రమాణమగుటకు పలికినవాడు ఆప్తుడు కావలెను. శత్రువు ఆప్తుడు కాడు. కావున వాని మాట శబ్దప్రమాణముగ పనికిరాదు. మఱి ఇన్ని వందలమంది కూర్చుండి దానిని వినుట యెందుకు? సమాధానమిది: శ్రవణ కార్యాలయము శత్రువు మాటను శబ్దముగ గ్రహింపదు, లింగముగ గ్రహించును. పొగను చూచి నిప్పును ఊహించునట్లు, వాడు ఈ మాటను ఈ దినముననే, ఈ స్వరముతోనే, ఏల పలికెనో యూహించును. మాట యబద్ధము కావచ్చును. ఆ యబద్ధము నాడవలసిన యవసరము మాత్రము నిజము.

1945 మే 1వ తేదీ రాత్రి నడచినది దీనికి తగిన నిదర్శనము. జర్మను రేడియో గంభీరమైన వార్త రానున్నదని తెలిపి, బ్రూక్నరు అను సంగీతకర్త వాగ్నరు మరణసందర్భమున రచించిన విషాదసంగీతమును వినిపించినది. ఆ రాత్రి కేవర్‌షామ్‌లో వినుచున్నవారిలో ఎర్నెస్టు గోంబ్రిక్ అను వియన్నా పండితు డుండెను. తరువాతి కాలమున చిత్రకళాచరిత్రకారుడుగ లోకప్రసిద్ధుడైనవా డితడే. ఆ సంగీతమును వినగనే హిట్లరు మరణించెనని యాతడూహించెను. తరువాత వచ్చిన ప్రకటన, హిట్లరు పోరాడుచు వీరమరణము నొందెనని చెప్పినది. అది యబద్ధము, ఆతడంతకు ముందుదినముననే ఆత్మహత్య చేసికొనియుండెను. శబ్దము తప్పినది, లింగము తప్పలేదు.

1941 డిసెంబరు 6వ తేదీన అమెరికా శ్రవణ కార్యాలయము జపాను రేడియో స్వరము మునుపటికంటె శత్రుభావమును ధిక్కారమును హెచ్చించినదని తన నివేదికలో వ్రాసెను. మఱునాడే పెరల్ హార్బరుపై దాడి జరిగెను. ఏ చోట, ఏ గడియలో అనునది ఆ నివేదికలో లేదు. ఉండుటకు వీలును లేదు. పొగ నిప్పున్నదని చెప్పును గాని ఏ యింటి వాసము అంటుకొన్నదో చెప్పదు. ఈ విద్య యొక్క హద్దు నెఱుగుటయు విద్యలో భాగమే.

అన్నిటికంటె గొప్ప యపాయము వినువాని చెవిలోనే యున్నది. దూరపు ప్రసారములు గాలిచప్పుడులో కలిసి సగము వినబడియు సగము వినబడకయు నుండును. తప్పిన యక్షరమును మనస్సు తానే పూరించుకొనును. ఏమి చెప్పబడవచ్చునో ముందు తెలియనివాడు చెప్పబడినదానిని వినలేడని గోంబ్రిక్ తన యనుభవమువలన చెప్పెను. కాని ముందు తెలిసినవాడు తాననుకొన్నదానినే వినునను చిక్కును దానివెంటనే యున్నది. మేము మా తరగతిలో బాలురకు పరిచితమైన వాక్యము నొకదానిని చెప్పి వ్రాయించుచు నందొక పదమును మార్చుదుము. ఎందరో పిల్లలు పాతపదమునే వ్రాయుదురు; అడిగినచో, అట్లే వింటిమని ప్రమాణపూర్వకముగ చెప్పుదురు. వారు అబద్ధమాడుటలేదు. ఒక బాలుని పలకపై నిది చిన్న తప్పు. రెండు రాజ్యములు కత్తులు దూసి నిలిచిన వేళ “ఆపితిమి” అనుమాట “ఆపము” అని వినబడినచో, దాని మూల్యము వేలమంది ప్రాణములు.

కనుక నిట్టి కార్యాలయమును నడపువాని మొదటి ధర్మము విన్నదానిని, ఊహించినదానిని వేఱు వేఱు కాగితములపై నుంచుట. వినబడని పదముచోట ఖాళీ విడుచుటకు సిగ్గుపడని శ్రోతను గౌరవింపవలెను. రెండవ ధర్మము, పై యధికారులకు ఇష్టమైన వార్తను వెదకి యిచ్చు చాపల్యమునుండి తన వారిని కాపాడుట. వుడ్ నార్టన్‌లో పనిచేసినవారిలో ననేకులు హిట్లరు పీడకు స్వదేశము విడిచివచ్చిన శరణార్థులు. శత్రువు భాష వారికి మాతృభాష. అట్టివారిని అనుమానముతో చూచుట సులభము. కాని ఆ భాషలోని నుడికారమును, వెక్కిరింతను, వెనుకంజను ఎఱిగినవారు వారే. వారిని నమ్మినందుననే ఆ కార్యాలయము ఫలించినది.

ఇక మన సరిహద్దునకు వత్తము. 1947 ఆగస్టున దేశము స్వతంత్రమైనను హైదరాబాదు రాజ్యము అందు చేరలేదు. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగినది. మన చింతలపూడి దాటిన సత్తుపల్లి నాడు నిజాము రాజ్యములోనిది. రజాకార్ల హింసకు తాళలేక అనేక కుటుంబములు ఆంధ్రమండలములకు తరలివచ్చెను. హైదరాబాదున దక్కను రేడియో నిజాము ప్రభుత్వము చేతిలోను, ఇటు ఆకాశవాణి భారతప్రభుత్వము చేతిలోను ఉండెను. బెజవాడ కేంద్ర మింకను పుట్టలేదు. అది 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించెను. 17వ తేదీ సాయంకాలము నిజాము స్వయముగా రేడియోలో మాటలాడి యుద్ధవిరమణను ప్రకటించెను. బంధువులు అటునిటు చిక్కుకొన్న కుటుంబములకు ఆ గొంతు ఎంతటి యూరట కలిగించియుండునో ఊహింపవచ్చును.

కాని ఆ తరువాత జరిగిన దానిని ఏ రేడియోయు చెప్పలేదు. పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మున్నగువారు ప్రభుత్వము కోరికపై ఆ రాజ్యమున పర్యటించి, సేనలు ప్రవేశించిన పిమ్మట జరిగిన హింసలో తక్కువ యంచనాకు 27 వేలనుండి 40 వేలవఱకు జనులు మరణించిరని నివేదించిరి. మృతులలో మిక్కిలి పెద్దభాగము మహమ్మదీయులు. ఆ నివేదిక ప్రజల కంటబడుటకు దశాబ్దములు పట్టినది. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యను మఱియొక ప్రమాణము నంగీకరించిరి: ఉండవలసినచోట వస్తువు కనబడకుండుటవలన కలుగు జ్ఞానము. పగవాని రేడియోలో స్వరభేదమును పట్టగలిగిన మనము స్వకీయుల రేడియోలోని మౌనమును పట్టలేకపోతిమి. పరులను వినుటకు కార్యాలయము లున్నవి. మనలను మనము వినుటకు కార్యాలయ మేది?

శ్రద్ధగా వినుటవలన మేలు కలిగిన దినములును గలవు. 1962 అక్టోబరు 28న, క్యూబా విషయమున లోకమంతయు అణుయుద్ధమునకు వెఱచియున్న వేళ, క్రుశ్చేవు తన సందేశమును కాలయాపన లేకుండ మాస్కో రేడియోలోనే ప్రసారము చేయించెను. కేవర్‌షామ్ శ్రోతలు దానిని పట్టి అనువదించి పంపిరి. క్షిపణులు తొలగింతుమను మాటను ఉన్నది ఉన్నట్లుగా విన్నవా రుండుట లోకమునకు శుభమైనది.

బి.బి.సి. శ్రోతలు 2018లో కేవర్‌షామ్‌ను విడిచి లండను చేరిరి. నేడు పరదేశవాణి రేడియోలోనే గాక మన యందఱి చేతి ఫోనులలోను పలుకుచున్నది. ఏలూరులో నేడు ప్రతి యిల్లును ఒక శ్రవణ కార్యాలయమే. అందు కొఱవడినది ఖాళీని విడుచు శ్రోత మాత్రమే. సందేశము వచ్చినది, పలికినవా డెవడు? ఈ దినముననే యేల పలికెను? ఇందు చెప్పనిదేమి? మనము విన్నదెంత, కోరుకొన్నదెంత? ఈ నాలుగు ప్రశ్నలు అడుగక మఱియొకరికి పంపువాడు వార్తను మోయుటలేదు, నిప్పును మోయుచున్నాడు. తల్లులును తండ్రులును బిడ్డలకు చక్కగా మాటలాడుట నేర్పుచున్నారు. చక్కగా వినుటయు నేర్పుదురుగాక యని మా ప్రార్థన.