రాగితీగెయు, కాగితపు పట్టీయు

నీలిరంగు నేలమీద తామరపూలు, లతలు, వాని అంచులవెంట మెఱయు బంగారుగీతలు గల కాగితపు టేపులను నేడు విద్యార్థినులు నోటుపుస్తకములకును, ఉత్తరముల కవరులకును అంటించి సంతోషించుచున్నారు. ఆ చిత్రకల్పన యంతయు పెకింగు నగరమున రాగిపాత్రలపై వికసించిన మీనాపనినుండి, అనగా చీనీయులు జింగ్‌తైలాన్ అని పిలుచుకొను కళనుండి వచ్చినదే.

ఈ విద్య చీనాదేశమున పుట్టినది కాదు. మంగోలు ప్రభువుల కాలమున పశ్చిమమునుండి వచ్చి చేరిన దీనిని, త్సావ్ జావ్ అను పండితుడు 1388 నాటి తన ప్రాచీనవస్తుపరీక్షాగ్రంథమున అరబ్బుల సరకుగా పేర్కొని, అంతఃపురస్త్రీలకే తగునుగాని విద్వాంసుని పఠనమందిరమున కనుచితమని తీర్పుచెప్పెను. ఆ తీర్పు నిలువలేదు. అర్ధశతాబ్దియైన గడువకమునుపే, స్వాన్‌దె చక్రవర్తి పాలనలో (1426–1435), రాజముద్రాంకితములైన పాత్రలు వెలువడెను. మంగోలులకు చిక్కిన అన్నగారి సింహాసనమెక్కి, తిరిగివచ్చిన యా యన్నకే 1457లో దానిని కోల్పోయిన జింగ్‌తై చక్రవర్తి పేరు మాత్రము ఈ కళకు శాశ్వతముగా నిలిచినది.

పనివాడు రాగిరేకును సుత్తితో సాగగొట్టి పాత్రగా మలచి, చదునుచేసిన సన్నని తీగెను పట్టకారుతో వంచి, ఒకజాతి దుంప జిగురుతో దానిపై నిలువున నాటి, అతుకుపొడి చల్లి కాల్చును. ఆ గళ్లలో తడిపిన రంగుగాజుపొడి నింపి కొలిమిలో నుంచగా అది కరగి క్రుంగిపోవును. మరల నింపి మరల కాల్చవలెను. ఇట్లు మూడునాలుగు మారులు జరిగినగాని రంగు తీగె యెత్తునకు రాదు. ఆపైన ఱాతితోను బొగ్గుతోను నునుపుచేసి, బయల్పడిన తీగెకు బంగారుపూత పూయుదురు. ఒకరంగు వేఱొకరంగులో కలియకుండ పొలముగట్టువలె కాచునది ఆ తీగెయే.

చియెన్‌లుంగ్ చక్రవర్తి కొలువులో పరాకాష్ఠ నొందిన యీ విద్య, ఇరువదవ శతాబ్ది నడుమనాటికి యుద్ధములచే అంతరించు దశకు రాగా, దానిని నిలిపినవారిలో అగ్రగణ్యురాలు లిన్ హ్వేయిన్. 1924లో రవీంద్రుడు పెకింగునకు వచ్చినపుడు ఆయన ‘చిత్ర’ నాటకమున నాయికగా నటించిన వనిత యీమెయే. క్షయవ్యాధి పీడించుచున్నను విరమింపక, శిష్యురాండ్రచేత తున్‌హువాంగ్ గుహాచిత్రముల రేఖలను పాత్రలకెక్కించి, 1952లో పెకింగున జరిగిన శాంతిమహాసభ ప్రతినిధులకు కానుకలు సిద్ధపఱపించెను. 1955లో ఆమె గతించెను. మఱుసటియేడే పెకింగున ఎనామెల్ కర్మాగారము నెలకొన్నది.

గుహాభిత్తినుండి పాత్రకు వచ్చిన చిత్రము పాత్రనుండి కాగితమునకు పోవుట నాకు అపచారముగా తోచదు. ఆ టేపు జపానువారిది: 1923లో కురషికిలో ఈగలనంటించు కాగితముతో వ్యాపార మారంభించిన కమోయి సంస్థ, 2008లో అలంకారపు టేపులను విడుదలచేయగా, అనంతరము చీనా వర్తకులును అట్టివానిపై తమ ప్రాచీనచిత్రములను ముద్రించిరి. కాగితముపై రంగు కరగి ప్రవహింపదు గనుక అచటి బంగారుగీతకు కాపలాపని లేదు. అయినను ముద్రాపకులు వేడి అచ్చుతో బంగారురేకు నొత్తి యా గీతను నిలుపుచునే యున్నారు. అది లేనిచో జింగ్‌తైలాన్ అను పేరు ఆ టేపునకు చెల్లదు.