గేర్‌బాక్సు మార్పిడి

పాత ఇంజనుకు వేరే బండి గేర్‌బాక్సు బిగించే పని. విదేశాల్లో కిట్ కార్లు కట్టుకునేవారికి ఇది మామూలే. మన దగ్గర ఆ ముచ్చట ఎక్కువగా పాత జీపులతోనే. మహీంద్రా సీజే-3బి జీపుకు మూడు గేర్ల టీ-90 పెట్టె ఉండేది. దాని స్థానంలో నాలుగైదు గేర్లది కావాలనుకోవడం సహజం.

ఇంజను, పెట్టె కలిసేది బెల్ హౌసింగ్ దగ్గర. బోల్టు రంధ్రాలు సరిపోకపోతే మధ్యలో అడాప్టర్ ప్లేటు వేయాలి. రంధ్రాలు కలిసినంత మాత్రాన పని అయిపోదు. ఇన్‌పుట్ షాఫ్టు, క్రాంకు షాఫ్టు ఒకే గీత మీద ఉండాలి. డయల్ గేజితో చూడకుండా బిగిస్తే పైలట్ బేరింగు అరుగుతుంది, గేరు జారుతుంది. క్లచ్ ప్లేటు వ్యాసం ఫ్లైవీలుకు, మధ్యనున్న పళ్లు కొత్త పెట్టె షాఫ్టుకు సరిపోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. పెట్టె పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టును కోయించి, బ్యాలెన్సు చేయించాలి.

గేర్ల సంఖ్య కన్నా నిష్పత్తి ముఖ్యం. లారీల ఊరుగా పేరున్న సాలూరు (2022 వరకు విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం) దాటి ఒడిశా వైపు ఘాటు ఎక్కాలంటే మొదటి గేరు బలంగా ఉండాలి. శ్రీకాకుళం మీదుగా పోయే చదును హైవేలో పనికొచ్చేది ఐదో గేరు.

ఇంజనే మార్చదలిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది. ముందే రవాణా కార్యాలయంలో అడగాలి.