ఊకొట్టే చెవి: వికారాబాద్, తాండూరు ప్రాంతపు శ్రవణ సంప్రదాయం

తెలుగు నేల మీద కథ చెప్పడం ఎంత పాతదో, చెప్పిన కథకు ఊకొట్టడమూ అంతే పాతది. ఊకొట్టడమంటే కథకుడు మాట ముగించిన ప్రతిచోటా వినేవారు ‘ఊఁ’ అని పలకడం. ఆ పలుకు ఆగిపోతే శ్రోతకు నిద్ర పట్టిందనో, మనసు మరోచోటికి మళ్లిందనో గ్రహించి కథకుడూ ఆగుతాడు. బుర్రకథలో ఈ పని వంతలది. తంబురా మీటుతూ కథ నడిపే ప్రధాన కథకునికి ఇరువైపులా గుమ్మెటలతో నిలిచే ఇద్దరు సహకళాకారులను వంతలంటారు. వారిలో ఒకరు హాస్యం పండిస్తూ, మరొకరు నాటి లోకవ్యవహారాన్ని ప్రస్తావిస్తూ, జనం అడగదలచిన ప్రశ్నలను జనం తరఫున తామే అడుగుతారు. తెలంగాణ శారద కథల్లోనూ, డోలు తాళాల నడుమ సాగే ఒగ్గు కథల్లోనూ పక్కవాద్యం పట్టినవారు కథలోకి మాట కలుపుతూనే ఉంటారు. అంటే ఇక్కడి సంప్రదాయంలో శ్రోత స్పందన కథ ముగిశాక వచ్చే మెప్పు కాదు, కథలోనే కలిసిపోయిన ఒక గొంతు. వికారాబాద్, తాండూరు ప్రాంతంలో యంత్రం ద్వారా వినడం ఎలా మొదలైందో, ఎలా మారిందో పరిశీలించేటప్పుడు ఈ ‘ఊఁ’ ఏమైందన్న ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది.

ఈ ప్రాంతపు చెవి మొదటినుంచీ పలు భాషలకు అలవాటు పడింది. వికారాబాద్ పట్టణానికి ఆ పేరు నిజాం కొలువులోని ‘పైగా’ అనే ప్రభువంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీదుగా వచ్చింది. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, కొడంగల్ తాలూకాతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో నిలిచింది. సికింద్రాబాద్ నుంచి వాడీ వరకు 1874లో పడిన నిజాం రైలుమార్గం ఈ రెండు ఊళ్లనూ కలిపింది. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, నాపరాళ్ల వ్యాపారంలోనూ కందుల బేరంలోనూ కన్నడ కలిసిన మాట వినిపించే ఈ సరిహద్దు నేలకు రేడియో వచ్చినప్పుడు, వింటున్న భాష కొత్తగా తోచలేదు. బదులు పలికే వీలు లేకుండా వినడం మాత్రం పూర్తిగా కొత్త.

హైదరాబాద్‌లో 1933 ప్రాంతంలో చిరాగ్ అలీ వీధిలో ఒక వ్యక్తి సొంత పూనికతో మొదలైన చిన్న ప్రసార కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది; 1939లో సరూర్‌నగర్‌లో మరింత శక్తిమంతమైన ప్రసార యంత్రం నెలకొనడంతో దక్కన్ రేడియో గొంతు జిల్లాలకు చేరింది. ప్రసారాల్లో ఉర్దూదే పెద్ద వాటా కాగా తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు కొంత సమయం దక్కేది. 1948 సెప్టెంబరు 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత సైన్యంతో పోరులో కాల్పుల విరమణను ప్రకటించింది కూడా ఈ రేడియోలోనే. లక్షలాది ప్రజల బతుకును మలుపు తిప్పిన ఆ మాట గాలిలో వచ్చిందే గాని, విన్నవారి మాట తిరిగి వెళ్లేందుకు ఆ గాలిలో దారి లేదు. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసిన తరువాతా ఈ ఏకముఖ స్వభావం మారలేదు.

శ్రోతకు మిగిలిన దారి ఉత్తరమొక్కటే. రేడియో వినడానికి పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో బిళ్ల అంటించుకోవలసిన రోజులవి. 1980ల మధ్యలో ఆ రుసుము రద్దయ్యేదాకా, వినే హక్కుకు రుజువూ, విన్నదానికి బదులు రాసే కార్డూ ఒకే పోస్టాఫీసు కిటికీలోంచి వచ్చేవి. ఉత్తరాన్ని కళగా మార్చినవారిలో విజయవాడ కేంద్రపు ఉషశ్రీని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అన్న అసలు పేరు కన్నా కలం పేరుతోనే ప్రసిద్ధుడైన ఆయన ‘ధర్మసందేహాలు’ కార్యక్రమంలో శ్రోతల ప్రశ్నలను చదివి, చనువుగా, ఒక్కోసారి మందలింపుగా జవాబు చెప్పేవారు. ఆయన 1990లో కన్నుమూసినా ఆ ధ్వనిముద్రణలను నేటికీ వింటున్నారంటే, వాటిలో ఆయన గంభీర స్వరంతో పాటు అడిగినవారి సందేహమూ భద్రపడి ఉండడమే దానికి ఒక కారణం.

శ్రోతల స్పందనను ఒక పద్ధతిగా నిర్మించే ప్రయత్నం 1956లో పూనాలో జరిగింది. యునెస్కో సహాయంతో 150 గ్రామాల్లో ఏర్పడిన రేడియో రూరల్ ఫోరాలు, అంటే ఒకచోట కూర్చొని ప్రసారాన్ని విని, చర్చించి, సందేహాలను తిరిగి రేడియో కేంద్రానికి పంపే గ్రామ బృందాలు, 20 కార్యక్రమాలను ఆ విధంగా విన్నాయి. 1959లో ఈ పథకాన్ని దేశమంతటికీ విస్తరించారు. ఆశయం గొప్పదే అయినా ఏ విషయం గురించి మాట్లాడాలో నిర్ణయించే అధికారం మాత్రం రేడియో కేంద్రం దగ్గరే ఉండిపోయింది.

ప్రసారంలోనే కాదు, ధ్వనిముద్రణలోనూ బదులు పలుకు అంత తేలిగ్గా చిక్కదు. పాత గొంతును భద్రపరచడంలోని ఆ కష్టం తెలియాలంటే జాజ్ చరిత్రలోని ఒక ఘట్టాన్ని చూడాలి. ఆఫ్రికా మూలాలున్న అమెరికన్ల పాటల్లోంచి న్యూ ఆర్లియన్స్ నగరంలో రూపు దిద్దుకున్న జాజ్‌కూ, మన కథాగానాలకూ ఒక లోతైన పోలిక ఉంది: ఒక గొంతు గాని వాద్యం గాని పిలిస్తే మరొకటి బదులు పలకాలి. ఆ సంగీతపు తొలితరం పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్‌ను 1938 మే నెలలో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద పరిశోధకుడు అలన్ లోమాక్స్ కూర్చోబెట్టి, ప్రశ్నలు వేస్తూ, గంటల తరబడి ఆయన జీవితకథను డిస్కుల మీద ముద్రించాడు. మోర్టన్ మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్లు పియానో మీద మెల్లగా కదులుతూనే ఉంటాయి. వంత లేని కథకుడు తనకు తానే వంత పాడుకున్నట్టు ఉంటుంది ఆ ముద్రణ. ఆయన 1941లో మరణించాడు. 1947 నుంచి ఆ డిస్కులు బయటికి వచ్చినప్పుడు శ్రోతలు రెండుగా చీలిపోయారు: జాజ్‌ను 1902లో తానే సృష్టించానని చాటుకున్న మనిషి మాటలను కొందరు గొప్పలుగా కొట్టిపారేస్తే, మరికొందరు ఒక నగరపు మరుగుపడిన జీవితానికి అవి సాక్ష్యాలన్నారు. పచ్చిగా ఉన్నాయని పక్కన పెట్టిన పాటలతో సహా మొత్తం ముద్రణ వెలువడింది 2005లో. అతిశయోక్తులను ఏరిన విమర్శకుల కంటే, మాట అడుగున ఎడతెగకుండా సాగిన ఆ పియానోను విన్నవారే ఆ ముఖాముఖిని సరిగ్గా విన్నారనాలి. తన గొంతుకు లోకం ఏమని బదులిచ్చిందో మాత్రం మోర్టన్ వినలేకపోయాడు.

ఈ లోటును తీర్చిన ప్రయోగం వికారాబాద్‌కు పొరుగున, నేటి సంగారెడ్డి జిల్లాలో జరిగింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివరలో మాచనూరులో స్టూడియోను కట్టుకున్నారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా స్వచ్ఛంద సంస్థలు రేడియో నడిపేందుకు అనుమతి విధానం 2006లో గాని రాలేదు. ఆ మధ్యకాలమంతా వారు విత్తనాల ముచ్చట్లనూ, పండుగ పాటలనూ, మందుచెట్ల సంగతులనూ టేపుల మీద ముద్రించి, ఊరూరా సంఘం కూటాల్లో వినిపించారు. ప్రసారం లేకుండా వినేవారి మధ్యకే టేపును తీసుకువెళ్లే ఈ పద్ధతిలో విన్నవారు తప్పును అక్కడికక్కడే దిద్దవచ్చు, మరచిన చరణాన్ని అందించవచ్చు. అచ్చు పుస్తకాలు చేయలేని ఈ పనిని ఒక టేపురికార్డరు ముందు కూర్చున్న పదిమంది ఆడవాళ్లు చేశారనడం అతిశయోక్తి కాదు. 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్‌ఎం మీద సంఘం రేడియో మొదలైనప్పుడు ఈ ప్రాంతపు యాస, అందులోని ఉర్దూ కన్నడ పదాలతో సహా, దిద్దుబాటు లేకుండా గాలిలోకి వెళ్లింది.

సరిగ్గా పదహారేళ్లకు, 2024 అక్టోబరు 15న, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళపు అతి తక్కువ పౌనఃపున్య ప్రసార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సముద్రపు నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములు ఈ కేంద్రం పంపే ఆదేశాల తరంగాలను వినగలవు గాని, అదే దారిలో బదులు చెప్పలేవు. రక్షణ అవసరానికి ఆ పద్ధతి తగినదే. ఊళ్ల జ్ఞాపకానికి తగదు. వికారాబాద్, తాండూరు పల్లెల్లో శారద కథకులవీ, నాపరాతి గనుల్లో పనిచేసిన వృద్ధులవీ పాత క్యాసెట్లు ఎవరింట్లోనైనా ఉంటే, వాటిని వాళ్ల ఊరివాళ్ల నడుమనే వినిపించాలి. వినిపించేటప్పుడు మరో రికార్డరును వింటున్నవారి వైపు తిప్పి ఉంచాలి.