సీలేరు నీటిలో మూడో వాటా

మాఘ, ఫాల్గుణాలు వచ్చేసరికి గోదావరి సన్నబడుతుంది. ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలువల్లోకి మళ్లే నీటిలో అప్పుడు పెద్ద భాగం సీలేరుదే. వానాకాలంలో కొండల మధ్య జలాశయాల్లో నిలిపిన నీరు పొల్లూరు టర్బైన్లను తిప్పి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి దిగి దాళ్వా వరిని గట్టెక్కిస్తుంది. కాటన్ ఆనకట్ట కట్టిన నాటికి డెల్టా రైతుకు ఈ వెసులుబాటు లేదు. ఇది ఇరవయ్యో శతాబ్దపు జలవిద్యుత్తు తెచ్చిపెట్టింది. అంటే సీలేరు మైదానానికి రెండుసార్లు ఉపయోగపడుతోంది, ముందు కరెంటుగా, ఆ తర్వాత తడిగా. జలవిద్యుత్తు చవక అని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. సీలేరు చరిత్రను దగ్గరగా చూస్తే ఆ చవకలో కొంత ప్రకృతి ఇచ్చింది, కొంత మాత్రం కొండ మీది మనుషుల లెక్క రాయకపోవడం వల్ల మిగిలింది అని నేను అనుకుంటున్నాను.

ఈ నదికి ఎగువన మాచ్‌ఖండ్ అనీ, దిగువన సీలేరు అనీ పేర్లు. మాడుగుల కొండల్లో పుట్టి, డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అంత నీరు అంత ఎత్తు నుంచి పడే చోటు ఇంజనీరు కంటికి ఆనకుండా ఉండదు. మొదట్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ ప్రాంతం అటు వెళ్లి, నది సరిహద్దు అయింది. అందుకే 1940లలో పథకం రూపుదిద్దుకునే నాటికే అది రెండు ప్రభుత్వాల వ్యవహారం. ఎగువన జోలాపుట్టు దగ్గర జలాశయం, జలపాతం పైన నీటిని మళ్లించే చిన్న ఆనకట్ట, అక్కడి నుంచి కొండవాలు వెంట పెన్‌స్టాక్ గొట్టాలు, కింద ఒనకఢిల్లీ దగ్గర పవర్‌హౌస్. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాన్ని ప్రారంభించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆరు యూనిట్లూ పూర్తయ్యాక సామర్థ్యం 114.75 మెగావాట్లు. ఈనాటి లెక్కల్లో అది చిన్న సంఖ్య, ఆనాటి కోస్తా పట్టణాలకు మాత్రం పెద్ద ఊపిరి. దిగువన గుంటవాడ ఆనకట్ట కింద 1967-68లో ఎగువ సీలేరు మొదలైంది. బలిమెల జలాశయం నీటిని రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకున్నాయి; ఒరిస్సా తన సగాన్ని మల్కన్‌గిరి వైపు మళ్లించుకుంది, మన సగం నదిలోనే కిందికి వచ్చింది. 1970ల చివరికి పొల్లూరులో 460 మెగావాట్ల దిగువ సీలేరు సిద్ధమైంది. డొంకరాయితో కలిపి మాచ్‌ఖండ్ దిగువన మన వైపు ఉన్న సామర్థ్యం 725 మెగావాట్లు. ఒకే నీరు మెట్టు మెట్టుగా దిగుతూ ఇన్ని చోట్ల చక్రాలు తిప్పడం ఇంజనీరింగ్ పరంగా నిజంగా గొప్ప పని. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం.

ఈ కథలో వాటాల లెక్క ఎంత జాగ్రత్తగా సాగిందో చూడండి. మాచ్‌ఖండ్ కరెంటు ఆంధ్రకు 70 శాతం, ఒరిస్సాకు 30 శాతం అని రాసుకున్నారు. ఒరిస్సా కోరితే తన వాటా పెంచుకునే వీలు కూడా పెట్టుకున్నారు. దశాబ్దాల పాటు ఉత్తరాలు నడిచాయి, ఒడిశా వాటా చివరికి సగానికి పెరిగింది. బలిమెల నీటికి కొలతలున్నాయి, లెక్కలు చూసే అధికారులున్నారు. ఈ ఒప్పందాల్లో జోలాపుట్టు ముంపులో పొలం పోయిన పరజాకు, గదబకు ఒక్క శాతం కూడా రాయలేదు. మాచ్‌ఖండ్ నిర్వాసితుల గురించి తర్వాతి అధ్యయనాల్లో తరచు కనిపించే లెక్క సుమారు 3,000 కుటుంబాలు. అందులో సగానికి పైగా గిరిజనులు. పునరావాసం దక్కింది 600 కుటుంబాల దాకా మాత్రమే. దీన్ని అధికారుల కాఠిన్యంగా చెప్పి వదిలేస్తే అసలు సంగతి దాటిపోతుంది. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. హక్కు చూపగలిగినవాడికి పరిహారం ఇవ్వమంది గాని, ఊరు పోయినవాణ్ని మళ్లీ నిలబెట్టమని అనలేదు. కొండవాలు మీద తాతల నాటి నుంచి పోడు కొట్టుకుని సామలు, చోళ్లు పండించినవాడికి పట్టా లేదు. అడవిలో ఏరుకునే చింతపండు, అడ్డాకులు, వాగులో చేప ఏ దస్తావేజులోనూ లేవు. గిరిజనేతరులకు భూమి పోకుండా ఏజెన్సీలో 1917 నుంచే రక్షణ చట్టం ఉంది. సర్కారే తీసుకుంటే మాత్రం దానికి అడ్డు చెప్పే బలం ఆ చట్టానికి లేకపోయింది.

బలిమెల దెబ్బ మరో రకం. నీరు మూడు వైపులా కమ్మేసి, చిత్రకొండ అవతల 151 గ్రామాలను లోకం నుంచి విడదీసింది. వీళ్లలో చాలామంది ఇళ్లు మునగలేదు కాబట్టి నిర్వాసితుల జాబితాకు ఎక్కలేదు. ఆసుపత్రికి, సంతకు, కచేరీకి లాంచీయే దిక్కు. అక్కడికి గురుప్రియ వంతెన పూర్తయి రోడ్డు దారి తెరుచుకుంది 2018లో. మధ్యలో రెండు తరాలు గడిచాయి. ఆ దూరంలోనే మావోయిస్టులు స్థావరం చేసుకున్నారు. 2008 జూన్‌లో ఆ జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో 38 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వాళ్లు. హింసకు ఆనకట్ట ఒక్కటే కారణమనడం తేలిక, అది నిజం కాదు. ఒక ప్రాంతాన్ని నీటితో చుట్టేసి అర్ధశతాబ్దం వంతెన కట్టకపోతే అక్కడ ప్రభుత్వం అనేది ఎంత పలచనవుతుందో మాత్రం ఇందులో కనిపిస్తుంది. ఆ నష్టం ఏ యూనిట్ ధరలోనూ కలవలేదు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ గట్టిదే. ఆ కరెంటు లేకపోతే కొత్త రాష్ట్రం ఏమయ్యేది? పరిశ్రమలు, పంపుసెట్లు, పట్టణాల వెలుగు దేనితో నడిచేవి? బొగ్గు కాల్చి ఉంటే పొగ, బూడిద మరో ఊరి వాళ్లు మింగాల్సి వచ్చేది కదా? నిజమే. సాయంత్రం వాడకం ఒక్కసారిగా పెరిగినప్పుడు నిమిషాల్లో అందుకునే శక్తి నీటి టర్బైన్లకే ఉంది, బొగ్గు బాయిలర్లకు లేదు. కాబట్టి ఈ ఆనకట్టలు కట్టకుండా ఉండాల్సిందని నేను అనను. ప్రయోజనం ఎంత పెద్దదైతే అందులో నుంచి వాటా ఇవ్వగల స్తోమతు అంత ఎక్కువ ఉన్నట్టు. ఈ ఆక్షేపణ నా వాదానికే బలం చేకూరుస్తుంది. రెండోది, జలవిద్యుత్తు నీటిని ఖర్చు చేయదు, తిప్పి నదికే ఇస్తుంది అనే మాట. పరిమాణంలో అది నిజం, సమయంలో కాదు. శ్రావణంలో పారాల్సిన నీరు మాఘంలో పారుతుంది. ఆ మార్పే దిగువన దాళ్వా అయింది. ఎగువన అదే మార్పుకు ఒండ్రు చేలు, లోయలోని మంచి వరి మళ్లు శాశ్వతంగా నీటి కిందికి పోయాయి. మూడో ఆక్షేపణ కరెంటు అందరిదీ అన్నది. పెద్ద లైను ఊరి మీదుగా పోయినంత మాత్రాన ఇంట్లో దీపం వెలగదు. ఆ వోల్టేజీని దించడానికి సబ్‌స్టేషన్ కావాలి, అక్కడి నుంచి స్తంభాలు, తీగలు కావాలి. ఇరవై ఇళ్ల గూడెం కోసం అంత ఖర్చు ఏ బోర్డుకూ గిట్టుబాటు కాలేదు. అందుకే టవర్లను చూస్తూ పెరిగిన కొండ గూడేలు కొన్నింటికి కరెంటు వచ్చేసరికి దశాబ్దాలు పట్టింది.

వాటా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కేంద్ర సంస్థలు కట్టే జలవిద్యుత్ కేంద్రాలు ఉన్న రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితంగా ఇచ్చే పద్ధతి దేశంలో చాలాకాలంగా ఉంది. 2008 జలవిద్యుత్ విధానం స్థానిక అభివృద్ధి నిధి కోసం మరో శాతం కలిపింది. నీరు పుట్టిన చోటికి హక్కు ఉంటుందని రాష్ట్రాల విషయంలో ఒప్పుకున్నవాళ్లు కొండ పంచాయతీల విషయంలో ఒప్పుకోకపోవడానికి కారణం కనిపించదు. అదీగాక ఈ ప్రశ్న పాతబడలేదు. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకాన్ని జెన్‌కో తలపెట్టింది. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో నీటిని పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. సూర్యుణ్ని, గాలిని నమ్ముకున్న గ్రిడ్‌కు ఇలాంటి నిల్వ కావాలి, సందేహం లేదు. 1955లో లేనివి కొన్ని ఇప్పుడు చేతిలో ఉన్నాయి. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించమనే 1996 పెసా చట్టం, పోడు భూమికి హక్కు గుర్తించే 2006 చట్టం, పునరావాసాన్ని పరిహారంతో ముడిపెట్టిన 2013 చట్టం. వీటికి తోడు యూనిట్‌కు ఇన్ని పైసలు సీలేరు, మాచ్‌ఖండ్ ముంపు గ్రామాల పేరున జమ కావాలని పథకం ఒప్పందంలోనే రాయాలి, జోలాపుట్టు నాటి పాత నిర్వాసితుల వారసులతో సహా.