డబ్బా ఎవరు మోస్తారు?

సియాటిల్‌లో ఉండే మా కాలేజీ ఫ్రెండొకడు ఆ మధ్య ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. పొడవు ఇరవై రెండడుగులు. లోపల ఇద్దరు పడుకోవచ్చు, కూర్చుంటే తల పైకప్పుకి తగుల్తుంది. కొన్న వారానికే నాకు మెసేజ్: "మామా, ఇందులోకి పోర్టబుల్ టాయిలెట్ ఒకటి కొనాలి, ఏది తీసుకోమంటావ్ రా?"

ఫోన్ కొనాలన్నా, ఫ్రిజ్ కొనాలన్నా, ఆఖరికి టాయిలెట్ కొనాలన్నా సాఫ్ట్‌వేరోణ్ణే అడుగుతారెందుకో :) పైగా మాది చేవెళ్ళకీ మొయినాబాద్‌కీ మధ్య పల్లె. మా తాత కాలంలో పొద్దున్నే చెంబు పట్టుకుని చేన్లల్లకి పోవుడే తప్ప ఇంట్లో మరుగుదొడ్డి అన్న మాటే లేదు. సరే, అడిగాడు కదా అని చదవడం మొదలెట్టాను. ఎన్ని లీటర్లు, ఎంత రేటు అనే లెక్కలు పది నిమిషాల్లో తేలిపోయాయి. ఆ తర్వాత మిగిలిన ప్రశ్న మాత్రం ఎటు తిప్పినా చరిత్రలోకే లాక్కెళ్ళింది. నిండిన డబ్బా ఎవరు మోస్తారు? ఎక్కడ ఒంపుతారు?

ముందు పడవల సంగతి చూద్దాం. ఇంగ్లీషులో పడవలోని మరుగుదొడ్డిని 'హెడ్' అంటారు. పాతకాలపు పెద్ద తెరచాప ఓడల్లో మామూలు నావికుల దొడ్లు ఓడ ముందుభాగాన, అంటే తలవైపు ఉండేవి. కారణం సింపుల్. అలాంటి ఓడ గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు, గాలి ఎక్కువగా వెనక నుంచో పక్క నుంచో వీస్తుంది. కాబట్టి వాసనా, మిగతాదీ ముందుకే కొట్టుకుపోతాయి. చెక్కకి ఒక రంధ్రం, కింద సముద్రం, అంతే. కెప్టెన్‌కి మాత్రం వెనకవైపు తన గదిని ఆనుకుని వేరే ఏర్పాటు. హోదా అక్కడ కూడా తప్పలేదు.

చిన్న పడవల్లో అయితే బకెట్టే. తర్వాత చేత్తో పంపు కొట్టే మెరైన్ టాయిలెట్లు వచ్చాయి. సముద్రం నీళ్ళు లోపలికి లాగి, మలాన్ని బయటికి తోసేవి. రంధ్రమైనా, బకెట్టైనా, పంపైనా సిద్ధాంతం ఒక్కటే: పడవ అంచు దాటితే అది మన సమస్య కాదు.

జావా రాసేవాళ్ళకి ఈ ధోరణి బాగా తెలుసు. ఆబ్జెక్టులు సృష్టించుకుంటూ పోతాం, వాడేసినవాటి సంగతి గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. వందల ఏళ్ళపాటు నావికులకి సముద్రమే గార్బేజ్ కలెక్టర్. నడిసముద్రంలో నలుగురున్న పడవకి అది నిజంగానే సరిపోతుంది. వేల పడవలు ఒకే రేవులో, ఒకే చెరువులో లంగరేసినప్పుడే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది.

అమెరికాలో 1972లో నీటి కాలుష్య చట్టాన్ని భారీగా సవరించారు. దాన్నే ఇప్పుడు క్లీన్ వాటర్ యాక్ట్ అంటున్నారు. దాని ప్రకారం పడవలో టాయిలెట్ బిగిస్తే దానికి శుద్ధి చేసే పరికరమో, మలాన్ని నిల్వ ఉంచే ట్యాంకో ఉండి తీరాలి. కొత్త పడవలకి 1977 జనవరి 30 నుంచీ, పాతవాటికి 1980 జనవరి 30 నుంచీ ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. తీరం నుంచి మూడు మైళ్ళ లోపల శుద్ధి చెయ్యని మలాన్ని నీళ్ళలో ఒంపడం నేరం. మావాడు పడవ తిప్పే పుజెట్ సౌండ్‌లో అయితే 2018 నుంచి శుద్ధి చేసినది కూడా ఒంపకూడదు.

పోర్టబుల్ టాయిలెట్ కథ ఇక్కడే మొదలవుతుంది. థెట్‌ఫర్డ్ అనే కంపెనీ 1960లలో 'పోర్టా పాటీ' అని ఒకటి తెచ్చింది. రెండు ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి. పైదానిలో సీటు, ఫ్లష్‌కి మంచినీళ్ళు. కిందిది మలం ట్యాంకు. మధ్యలో రబ్బరు సీలుతో జరిగే పలక. పడవకి రంధ్రం పెట్టక్కర్లేదు, పంపు లేదు, గొట్టాల్లేవు. పడవకి బిగించలేదు కాబట్టి ఆ పరికరాల నిబంధన దీనికి వర్తించదు. ఒంపకూడదన్న నిబంధన మాత్రం వర్తిస్తుంది. కింది పెట్టె ఊడదీసి, సూట్‌కేసులా చేత్తో పట్టుకుని ఒడ్డుకి మోసుకెళ్ళాలి.

ఇక లెక్కలు. మనిషి రోజుకి సుమారు లీటరున్నర మూత్రం పోస్తాడు. ఇద్దరు, రెండు రోజులు అంటే ఆరు లీటర్లు. ఫ్లష్ నీళ్ళూ మిగతాదీ కలిపితే ఇంచుమించు పన్నెండు. మార్కెట్లో దొరికే ట్యాంకులు పది నుంచి ఇరవై ఒక్క లీటర్ల దాకా ఉంటాయి. పదిది చాలదు. ఇరవై ఒకటి నిండితే పెట్టె బరువుతో కలిపి ఇంచుమించు పాతిక కేజీలు, అంటే మన సోనా మసూరి బస్తా. ఆ బస్తాని ఊగే పడవలోంచి, ఇరుకు మెట్ల మీదుగా, ఒక్క చుక్క ఒలకకుండా ఒడ్డుకి చేర్చాలి. అందుకని వాడికి నేను చెప్పింది ఇది: పెద్దది కొను, సగానికే ఖాళీ చెయ్యి. పడవ ఒరుగుతుంది కాబట్టి నేలకి పట్టీలతో కట్టు. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం మందు వాడకు, అది సెప్టిక్ ట్యాంకులో పని చేసే బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. అన్నిటికన్నా ముందు, నువ్వు పడవ కట్టే రేవులో డంప్ స్టేషన్ ఉందో లేదో చూడు. అది లేకపోతే ఏ మోడల్ కొన్నా ఒకటే.

ఆ చివరిది అమెరికా వాళ్ళకి కూడా ఆలస్యంగానే వెలిగింది. చట్టం 1972లో వస్తే, రేవుల్లో పంప్ అవుట్, డంప్ స్టేషన్లు కట్టడానికి డబ్బులిచ్చే క్లీన్ వెసెల్ యాక్ట్ 1992లో వచ్చింది. ఇరవై ఏళ్ళ తేడా. "ఒంపకు" అని చెప్పడం తేలిక, "ఇదిగో ఇక్కడ ఒంపు" అని చోటు చూపించడానికే ఖర్చవుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నిజానికి మోసుకెళ్ళే మరుగుదొడ్డి మనకేం కొత్త కాదు. హైదరాబాదులో 'సండాస్' అన్నా, ఆంధ్రాలో ఇంకో పేరన్నా, ఫ్లష్ రాకముందు పట్టణాల్లో ఉన్నది పొడిదొడ్డే. ఇంటి వెనక చిన్న గది, కింద బకెట్టో తట్టో. దాన్ని తియ్యడానికి వెనక సందులోంచి వేరే దారి. పోర్టా పాటీకీ దానికీ ఇంజనీరింగ్ పరంగా పెద్ద తేడా లేదు: ఒక సీటు, ఒక డబ్బా, ఆ డబ్బాని మోసే మనిషి. తేడా అంతా ఆ మనిషి దగ్గరే ఉంది. పడవలో, వాడినవాడే మోస్తాడు. మన దగ్గర, వాడేది ఒకరు, నెత్తిన పెట్టుకుని మోసేది ఇంకొకరు. ఆ ఇంకొకరు ఏ కులంలో పుట్టాలో కూడా ముందే రాసిపెట్టి ఉండేది. వాళ్ళు ముందు గుమ్మంలోంచి రాకూడదనే ఆ వెనక సందు.

ఈ చరిత్రని ఎదిరించినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు బెజవాడ విల్సన్. 1966లో కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టాడు. బంగారం తవ్వే ఆ ఊళ్ళో పొడిదొడ్లు ఎత్తే పని వాళ్ళ కుటుంబానిది. చదువుకున్న విల్సన్ ఆ పని చెయ్యనన్నాడు. అక్కడితో ఆగకుండా అసలా దొడ్లే ఉండకూడదన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో పని చేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటి వాళ్ళతో కలిసి 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టాడు. 1993లో పొడిదొడ్లని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. అయినా దొడ్లు పోలేదు. 2003లో ఆందోళన్ సుప్రీం కోర్టుకెళ్ళింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది, 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలివ్వమంది కోర్టు. 2023లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసింది. విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది.

మొదటి చట్టం నుంచి తీర్పుకి ఇరవై ఒక్క ఏళ్ళు. అమెరికా పడవలకి పట్టినదీ ఇంచుమించు అంతే. కాకపోతే అక్కడ ఆ ఇరవై ఏళ్ళూ నీళ్ళు పాడయ్యాయి, ఇక్కడ మనుషులు పోయారు. ఈ రెండిటినీ ఒకే త్రాసులో పెట్టలేం.

ఇక మా ఊరివైపు. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకి వస్తుంది. 1908 సెప్టెంబర్ 28న అది హైదరాబాదుని ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన వరద ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగునీటి పథకం గురించి కూడా చెప్పాడు. వరదనీ మురుగునీ ఒకే ఇంజనీరు ఒకే సమస్యగా చూశాడన్నది మనం మర్చిపోయే విషయం. 1920కి మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927కి ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు పంపు లేకుండా, వాలు మీద ఆసిఫ్ నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా పారేవి. వాలు అంటే గుర్తొచ్చింది: మొయినాబాద్, చేవెళ్ళ చుట్టుపక్కల పడ్డ చినుకు కూడా ఆ వాలు మీదే ఈ జంట జలాశయాల్లోకి దిగుతుంది. చినుకే కాదు, దానితో కలిసేది ఏదైనా.

అందుకే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలూ, పెద్ద హోటళ్ళూ, కాలనీలూ వద్దంది. మరుసటి ఏడాదే శంషాబాద్ వైపు ఒక ఆముదం ఆధారిత ఫ్యాక్టరీకి ప్రభుత్వమే మినహాయింపిచ్చింది. 2000 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు అది చెల్లదంది. లక్షలమంది తాగే నీళ్ళ విషయంలో ముందుజాగ్రత్తే సూత్రం కావాలంది. తర్వాత కృష్ణా, గోదావరి నీళ్ళు నగరానికొచ్చాయి. ఇక గండిపేట మీద ఆధారపడక్కర్లేదన్న వాదనతో 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది, 2023 మేలో జీవో 111ని ఎత్తేస్తామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది.

ఆంక్షల వల్ల మా వైపు రైతులు నష్టపోయారన్న మాట నిజమే. పక్కనే గచ్చిబౌలిలో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇక్కడి రైతు పాతికేళ్ళు టమాటా రేటు చూసుకుంటూ కూర్చున్నాడు. నగరం తాగే నీళ్ళ ఖర్చు అతను కట్టాడు, నగరం అతనికేమీ కట్టలేదు. ఇదీ ఒక రకంగా ఒకరు వాడితే ఇంకొకరు మొయ్యడమే. ఆ బాకీ తీర్చే పద్ధతి వెతకాల్సిందే. అయితే దానికోసం చెరువుని గార్బేజ్ కలెక్టర్ చేస్తే ఏమవుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. హుస్సేన్ సాగర్ ఒకప్పుడు నగరానికి మంచినీళ్ళిచ్చిన చెరువు. కూకట్‌పల్లి నాలా దశాబ్దాల తరబడి మురుగు తెచ్చి అందులో పోసింది. దాని మీద ఏటా సెయిలింగ్ పోటీలు జరుగుతాయి, పిల్లలు ఆప్టిమిస్ట్ పడవలు, పెద్దవాళ్ళు లేజర్లు నడుపుతారు. గంటా రెండు గంటల రేసులు, ఒకళ్ళు కూర్చునే పడవలు కాబట్టి వాటిలో టాయిలెట్ ఉండదు. పడవలో మరుగుదొడ్డి లేదు, మరుగుదొడ్డిలోనే పడవ ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనవాళ్ళలో పడవ కొనేవాళ్ళు తక్కువ గానీ, మొయినాబాద్‌లోనో చేవెళ్ళలోనో ఫామ్‌హౌస్ కొనాలని చూసేవాళ్ళు ప్రతి టీములో ఇద్దరుంటారు. అలాంటి ఇల్లు కూడా పడవ లాంటిదే. నగరపు డ్రైనేజీ అక్కడికి రాదు. సెప్టిక్ ట్యాంకే కింది పెట్టె, దాన్ని తోడే లారీయే పంప్ అవుట్. మనం వాస్తు చూస్తాం, పట్టా చూస్తాం, మర్రిచెట్ల రోడ్డుకి ఎంత దూరమో చూస్తాం. ఆ లారీ ఎక్కడ ఒంపుతుందని మాత్రం అడగం. దగ్గర్లో శుద్ధి చేసే ప్లాంటు లేకపోతే అది ఒంపేది ఏ వాగులోనో, ఏ చేను గట్టునో. వాన పడితే వాలు దాని పని అది చేసుకుపోతుంది. ట్యాంకు అడుగున గట్టిపడితే మనిషిని దింపుతారు. ఆ దిగేది ఎవరో, పై చరిత్ర చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

సీ లాంగ్వేజ్ నేర్చుకున్న రోజుల్లో ల్యాబులో ఒక మాట చెప్పేవాళ్ళు: మాలాక్ చేసినవాడే ఫ్రీ చెయ్యాలి. చిన్న పడవకి అదే రూలు, సెప్టిక్ ట్యాంకుకీ అదే. ప్లాటు చూపించడానికి తీసుకెళ్ళే ఏజెంటుని రేటు అడిగే ముందు ఈ రెండూ అడగండి: ఈ ట్యాంకు తోడే లారీ ఎక్కడికెళ్తుంది? అడుగు శుభ్రం చెయ్యాల్సొస్తే మిషన్ వస్తుందా, మనిషి దిగుతాడా? రెండిటికీ సూటిగా జవాబు దొరికిన చోటే కొనండి.