నిన్నటి మంట, రేపటి మంట

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘుణ్ణి ఒక సాయం అడుగుతాడు. హిమాలయాల్లో సరళ వృక్షాల మానులు గాలికి ఒరుసుకొని దావానలం పుడితే, దాన్ని వానధారలతో ఆర్పమంటాడు. ఆ సరళ వృక్షాన్నే నేడు చీర్ పైన్ అంటున్నాం. మానుల రాపిడి సంగతి ఎలా ఉన్నా, ఈనాడు మన అడవుల్లో నిప్పు చాలావరకు మనుషుల వల్ల పుట్టేదే. అయితే ఆ నిప్పు ఎంత పెద్దదవుతుంది? అది గాలి, ఎండ, కొండవాలులతో పాటు నేలమీద పేరుకున్న ఇంధనాన్ని బట్టి ఉంటుంది. ఆ ఇంధనమేమో వెనకటి మంటను బట్టి ఉంటుంది.

ఎలాగో చూద్దాం. చీర్ పైన్ వేసవిలో సూదుల్లాంటి ఆకులు రాలుస్తుంది. అవి త్వరగా కుళ్లవు. నేలబారు మంట ఈ ఆకుల పరుపును కాల్చి పోతుంది. మందపాటి బెరడు పెద్ద చెట్లను కాపాడుతుంది. మరుసటి ఏడు కాలడానికి మిగిలేది తక్కువ. మంట కొమ్మలదాకా ఎక్కితే మాత్రం చెట్లే చస్తాయి. కొన్నేళ్లకు అవి కూలి, ఎండి, తర్వాతి మంటకు కట్టెలవుతాయి.

కుమావోన్ కొండల రైతులు పశువులకు లేతగడ్డి మొలవాలని వానలకు ముందు అడవిలో నిప్పు పెట్టేవారు. బ్రిటిష్ ప్రభుత్వం 1911–17 మధ్య ఆ అడవులను రిజర్వు చేసి, కలప కోసం, రెసిన్ కోసం ఆ అలవాటును అరికట్టింది. 1921 వేసవిలో ఆగ్రహించిన ప్రజలు పైన్ అడవులకు నిప్పుపెట్టారు. రెసిన్ తీయడానికి గాట్లు పెట్టిన మానులు సులభంగా అంటుకున్నాయి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి ఆంక్షలు సడలించింది. 1931లో వన పంచాయతీలకు నియమాలు వచ్చాయి. 1922లో మన మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం వెనుక కూడా పోడుపై ఆంక్షలున్నాయని గుర్తుచేసుకోవాలి.

అమెరికాలో 1910 నాటి దావానలం 30 లక్షల ఎకరాలను దహించింది. 1935లో అటవీశాఖ, కనబడిన ప్రతి మంటనూ మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపు చేయాలని నియమం పెట్టింది. పాండెరోసా పైన్ అడవుల్లో ఆకులు, గుబురు మొక్కలు పేరుకున్నాయి. చిన్న మంటలు ఆ అడవికి అవసరమని హెరాల్డ్ వీవర్ 1943లో రాసినా, విధానం మారడానికి దశాబ్దాలు పట్టింది.

ఐతే అన్ని పైన్‌లకూ ఒకే సూత్రం పనికిరాదు. ఎల్లోస్టోన్‌లోని లాడ్జ్‌పోల్ పైన్ బెరడు పలుచన. అక్కడ పెద్ద మంటలు ఎన్నో ఏళ్లకొకసారి రావడం సహజం. వేడికి రెసిన్ కరిగి, కాయలు విచ్చుకొని విత్తులు రాలుతాయి. 1988లో ఆ పార్కులో మూడోవంతుకు పైగా కాలినా, అడవి మళ్లీ దట్టంగా మొలిచింది. 2016లో ఆ లేత అడవిలో కొంతభాగం మళ్లీ కాలింది. చెట్లు తగినన్ని విత్తులు కూడబెట్టుకోకముందే మంట వచ్చినందువల్ల రెండోసారి మొలకలు చాలా తగ్గాయి. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

ఉత్తరాఖండ్‌లో ఇప్పుడు పిరూల్ అనే ఆ రాలిన ఆకులను ఏరి, వంటచెరకుగా అచ్చులు పోస్తున్నారు. అంటే ఒకప్పుడు చిన్న మంట చేసిన పనిని చేతులతో చేస్తున్నారన్నమాట. ఈసారి కార్చిచ్చు వార్త చదివినప్పుడు, ఎన్ని ఎకరాలు కాలాయని మాత్రమే కాక, ఆ మంట నేలమీద ఏం మిగిల్చిందని కూడా అడగండి.