కృత్రిమ మేధ - అవగాహన చర్చ

కృత్రిమ మేధ తాను స్వీకరించే మాటలను నిజంగా అర్థం చేసుకుంటుందా, లేక వాటి అమరికను అనుకరిస్తుందా అనేది తత్వశాస్త్రంలోనూ, కంప్యూటర్ విజ్ఞానంలోనూ దశాబ్దాలుగా సాగుతున్న చర్చ. ఆదిలాబాదు జిల్లాలో కొలామీ భాషలో పాటలు కూర్చడానికి ఈ సాధనాలను ఉపయోగించడంతో ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నకు ఆచరణాత్మక ప్రాధాన్యత ఏర్పడింది.

నేపథ్యం

1950లో ఆంగ్ల గణిత శాస్త్రవేత్త అలాన్ ట్యూరింగ్, సంభాషణలో యంత్రాన్ని మనిషి నుండి వేరుగా గుర్తించగలమా అనే పరీక్షను ప్రతిపాదించాడు. 1980లో అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ "చైనీస్ గది" అనే ఊహా ప్రయోగంతో, బయటికి సరిగా కనిపించే జవాబు అవగాహనకు నిదర్శనం కాదని వాదించాడు. చైనీస్ భాష తెలియని వ్యక్తి గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి ఆ భాషలో సరైన జవాబులు పంపినా, అతనికి ఒక్క మాట కూడా అర్థం కాదు. ఆ వ్యక్తికి కాకపోయినా, అతడు, పుస్తకం కలిసిన మొత్తం వ్యవస్థకు అవగాహన ఉన్నట్లేనని ప్రతివాదులు అంటారు.

ఆదిలాబాదు భాషలు

ఈ ప్రాంతంలో మాట్లాడే గోండీ, కొలామీ రెండూ ద్రావిడ భాషలు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, కొలామీ మాట్లాడేవారు సుమారు 1.28 లక్షలు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతులలోని గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. యూనికోడ్ వలన కంప్యూటర్ అక్షరాన్ని గుర్తిస్తుందే గాని, దాని అర్థాన్ని గ్రహించదు.

ఆదిలాబాదు జిల్లాకు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ కృత్రిమ మేధ సాధనాలతో కొలామీలో పాట రూపొందించాడు. 2025 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ తన "మన్ కీ బాత్" ప్రసంగంలో ఈ కృషిని ప్రస్తావించాడు.

ప్రాధాన్యత

భాషా నమూనాలు ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఉందో విస్తారమైన పాఠ్యం నుండి నేర్చుకుంటాయి. తెలుగులో యంత్రం పొరపాటు చేస్తే పట్టుకోగల పాఠకులు కోట్లలో ఉన్నారు. లిఖిత పాఠ్యం తక్కువగా ఉన్న కొలామీ వంటి భాషలో, సరిచూసేవారు లేకపోతే యంత్రం కూర్చిన తప్పు వాక్యమే తరువాతి నమూనాలకు పాఠ్యంగా చేరే ప్రమాదం ఉన్నది. కావున యంత్రానికి అవగాహన ఉన్నదా అనే చర్చ ఎటు తేలినా, అది పలికినది కొలామీయేనా అని నిర్ణయించవలసినది ఆ భాషను మాట్లాడే ప్రజలే.